మూత మూస్తే లాప్‌టాప్ నిజంగా పడుకుంటోందా? విండోస్, మాక్, లినక్స్‌లో పవర్ సెట్టింగ్స్ సరిచేసుకోవడం ఎలా

బ్యాటరీ త్వరగా అయిపోతోందని ఎవరితో అన్నా మొదట వచ్చే సలహా బ్రైట్‌నెస్ తగ్గించమని. తగ్గించండి, తప్పేం లేదు. కానీ రాత్రి 70 శాతం ఛార్జింగ్‌తో మూత మూసిన లాప్‌టాప్ పొద్దున తెరిచేసరికి 20కి పడిపోయిందంటే, ఆఫీసుకి వెళ్లి బ్యాగులోంచి తీస్తే అడుగుభాగం కాలిపోతోందంటే, అందులో బ్రైట్‌నెస్ తప్పేం లేదు. స్క్రీన్ అప్పటికే ఆరిపోయింది కదా. మీరు వాడనప్పుడు అది ఏం చేస్తోందో కనుక్కోవాలి. పవర్ సెట్టింగ్స్‌లో అసలు పని అక్కడే ఉంటుంది. చాలామంది మాత్రం పవర్ మోడ్‌ని బ్యాలెన్స్‌డ్ నుంచి ఇంకోదానికి మార్చి, ఏమీ తేడా లేదని ఊరుకుంటారు.

అందుకే ఇక్కడ వరస తిరగేసి చెబుతున్నాను. ముందు మిషన్‌నే అడగడం, తర్వాత మూత సంగతి, ఆ తర్వాతే మిగతావి. ఒక్క మాట: కమాండ్లని పలికినట్టుగా తెలుగులో రాశాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. స్పెల్లింగ్ తికమకగా ఉన్నచోట అక్షరాలు విడదీసి చెప్పాను.

పడుకోవడంలో రకాలు

స్లీప్‌లో ప్రోగ్రాములన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి, ర్యామ్‌కి కరెంటు అందుతూ ఉంటుంది. స్టవ్ ఆర్పకుండా సిమ్‌లో పెట్టినట్టు: వెంటనే పని మొదలెట్టొచ్చు, కానీ గ్యాస్ కొంచెం కొంచెం ఖర్చవుతూనే ఉంటుంది. హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీదికి రాసేసి మిషన్ పూర్తిగా ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే లేవడానికి కాస్త టైం పడుతుంది గానీ, తెరిచి ఉంచిన ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. బ్యాటరీ దాదాపు ఖర్చు కాదు. షట్‌డౌన్ అందరికీ తెలిసిందే, అయితే విండోస్‌లో దానికో మెలిక ఉంది, అది కాసేపట్లో.

1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి కంప్యూటర్ల కరెంటు వాడకం కోసం తెచ్చిన ఏసీపీఐ ప్రమాణంలో మామూలు స్లీప్ పేరు ఎస్3, హైబర్నేట్ పేరు ఎస్4. ఎస్3లో ప్రాసెసర్ ఆగిపోతుంది కాబట్టి రాత్రంతా ఉంచినా బ్యాటరీ పెద్దగా దిగదు. తర్వాత ఫోన్‌లాగా మూత తెరవగానే లేవాలి, మూసి ఉన్నా మెయిల్స్ వచ్చి పడాలి అనే ఆలోచన వచ్చింది. మైక్రోసాఫ్ట్ 2012లో విండోస్ 8తో దాన్ని మొదలుపెట్టి, విండోస్ 10 నుంచి మోడర్న్ స్టాండ్‌బై అని పేరు పెట్టింది. ఇందులో సిస్టమ్ ఎస్0లోనే, అంటే మేలుకుని ఉండే స్థితిలోనే, తక్కువ కరెంటుతో నడుస్తుంది. అన్నీ సవ్యంగా ఉంటే బాగానే ఉంటుంది. ఒక్క డ్రైవరో (వైఫై, సౌండ్ లాంటి పరికరాలని నడిపే ప్రోగ్రామ్), ఒక్క యాపో మాట వినకపోతే మాత్రం మూత కింద పని సాగుతూనే ఉంటుంది, గాలాడని బ్యాగులో ఆ వేడికి దారి ఉండదు.

విండోస్: ముందు అడగండి

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్ అడ్మిన్ ఎంచుకోండి. విండోస్ 10లో అయితే పవర్‌షెల్ అడ్మిన్ అని ఉంటుంది. అక్కడ పవర్‌సీఎఫ్‌జీ /ఎ అని కొట్టండి. పవర్ స్పెల్లింగ్‌కి ఆనించి సి, ఎఫ్, జి, ఆ తర్వాత ఒక ఖాళీ, స్లాష్, ఎ. మీ మిషన్‌లో ఏ ఏ స్లీప్ స్థితులు ఉన్నాయో, ఏవి లేవో, ఎందుకు లేవో అన్నీ చెబుతుంది. పైన స్టాండ్‌బై ఎస్3 అని ఉంటే మీది పాత పద్ధతి. స్టాండ్‌బై ఎస్0 లో పవర్ ఐడిల్ అని ఉంటే మోడర్న్ స్టాండ్‌బై. ఈ మధ్య కొన్న లాప్‌టాప్‌లలో చాలావాటికి ఇదే కనిపిస్తుంది.

ఎస్0 అని చూసి ఎస్3 మళ్లీ తెప్పించే రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగ్స్ దాచుకునే చోటు) చిట్కాల కోసం వెతక్కండి. కంపెనీ వాళ్లు బయాస్‌లోనే, అంటే విండోస్ కంటే ముందే మిషన్‌ని లేపే ప్రోగ్రామ్‌లోనే, ఎస్3 తీసేసి ఉంటే, రిజిస్ట్రీలో ఎస్0ని ఆపేశాక మీకు ఏ స్లీపూ మిగలదు. కొన్ని లెనోవో థింక్‌ప్యాడ్ మోడళ్ల బయాస్‌లో మాత్రం స్లీప్ స్టేట్ అనే ఆప్షన్ ఉండేది, అందులో లినక్స్ అని పెడితే ఎస్3 వచ్చేది. అలాంటిది మీ దాంట్లో ఉంటే అదృష్టం.

మూసి ఉన్నప్పుడు బ్యాటరీని ఎవరు తిన్నారో చూడాలంటే అదే టెర్మినల్‌లో పవర్‌సీఎఫ్‌జీ /స్లీప్‌స్టడీ కొట్టండి. ఒక రిపోర్టు ఫైల్ తయారై, అది ఎక్కడుందో కూడా చూపిస్తుంది. బ్రౌజర్‌లో తెరవండి. ప్రతి స్లీప్‌కీ ఎంతసేపు పడుకుంది, ఎంత ఛార్జింగ్ పోయింది అన్న లెక్క ఉంటుంది. ఎక్కువ పోయిన వరస మీద నొక్కితే దాని కింద ఎక్కువ సేపు మేలుకుని ఉన్న పరికరాల, సర్వీసుల పేర్లు వస్తాయి. వైఫై కార్డు పేరు పదే పదే కనిపిస్తే లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవర్ తెచ్చుకోవడం మొదటి పని.

అసలు స్లీప్‌లోకే వెళ్లనని మొండికేసే మిషన్లకి పవర్‌సీఎఫ్‌జీ /రిక్వెస్ట్స్. డిస్‌ప్లే, సిస్టమ్, అవేమోడ్ లాంటి శీర్షికల కింద ఇప్పుడు స్లీప్‌ని అడ్డుకుంటున్న వాటి పేర్లు వస్తాయి. అన్నిటి కింద నన్ అని ఉంటే ఎవరూ అడ్డుకోవట్లేదన్నమాట. ఎక్కువసార్లు కనిపించేది సౌండ్ డ్రైవర్ పేరు, దాని కింద ఆడియో స్ట్రీమ్ వాడుకలో ఉందన్న మాట. డ్రైవర్‌ని తిట్టుకోనక్కర్లేదు, వెనక బ్రౌజర్‌లో ఏదో ట్యాబ్ పాడుతూ ఉంటుంది, మ్యూట్‌లో ఉందని మీరు మర్చిపోయి ఉంటారు. ట్యాబ్ మూసి మళ్లీ అదే కమాండ్ కొట్టండి, ఆ పేరు పోయి ఉంటుంది.

అర్ధరాత్రి తనంతట తానే లేచి ఫ్యాన్ తిప్పే మిషన్‌కి పవర్‌సీఎఫ్‌జీ /లాస్ట్‌వేక్ చివరిసారి ఎవరు లేపారో చెబుతుంది. మౌస్ అయితే డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ని లేపే అనుమతి టిక్ తీసేయండి. లారీ వెళ్లినప్పుడు టేబుల్ అదిరినా మౌస్ కదిలినట్టే లెక్క.

మూత మూస్తే ఏం జరగాలి

ఇది అన్నిటికంటే ముఖ్యం. బ్యాగులో పెట్టుకుని తిరిగే లాప్‌టాప్‌కి, అందులో మోడర్న్ స్టాండ్‌బై ఉంటే, మూత మూయగానే హైబర్నేట్ కావడమే మేలని నా అభిప్రాయం. లేవడానికి కొన్ని సెకన్లు ఆలస్యమైతే అయింది, బ్యాగులో ఉడికిపోవడం తప్పుతుంది.

హైబర్నేట్ విండోస్‌లో దాగి ఉంటుంది. ముందు అడ్మిన్ టెర్మినల్‌లో పవర్‌సీఎఫ్‌జీ /హైబర్నేట్ ఆన్ కొట్టండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, ఎడమ పక్క చూజ్ వాట్ క్లోజింగ్ ద లిడ్ డజ్ నొక్కండి. అక్కడ మూతకి, పవర్ బటన్‌కి, స్లీప్ బటన్‌కి విడివిడిగా, బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఒకటి, ఛార్జర్ ఉన్నప్పుడు ఒకటి పెట్టుకోవచ్చు. బ్యాటరీ మీద మూతకి హైబర్నేట్, ఛార్జర్‌తో ఉన్నప్పుడు స్లీప్ పెట్టండి. మానిటర్ తగిలించి మూత మూసే పనిచేసేవాళ్లయితే ఛార్జర్ గడిలో డూ నథింగ్ పెట్టుకోవాలి. అదే పేజీలో చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్ నొక్కి, కింద హైబర్నేట్ టిక్ పెడితే స్టార్ట్ మెనూలోని పవర్ బటన్లో కూడా అది వస్తుంది.

రోజూ డిస్క్ మీద అంత రాస్తే ఎస్‌ఎస్‌డీ అరిగిపోదా అని కొందరి టెన్షన్. లెక్క చూద్దాం. హైబర్నేట్ ఫైల్ సైజు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం. 16 జీబీ ర్యామ్‌కి సుమారు 6.4 జీబీ. రోజుకోసారి అంతా నిండా రాసినా ఏడాదికి రెండు టీబీ పైచిలుకు. 500 జీబీ ఎస్‌ఎస్‌డీలకి 300 టీబీ రాసేదాకా వారంటీ ఇచ్చే కంపెనీలున్నాయి. లాప్‌టాప్ పాతబడిపోతుంది గానీ ఆ అంకె దాకా చేరదు.

షట్‌డౌన్ మెలిక ఇదీ. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు మూసేసి, విండోస్ కెర్నల్‌ని, అంటే దాని లోపలి అసలు భాగాన్ని, మాత్రం హైబర్నేట్ చేస్తుంది. అందుకే రోజూ షట్‌డౌన్ చేస్తున్నా టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ రోజుల తరబడి కనిపిస్తుంది. డ్రైవర్ ఏదో తిక్కగా ప్రవర్తిస్తుంటే షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే లాభం ఉండదు, రీస్టార్ట్ కొట్టాలి. లేదా షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. ఎస్‌ఎస్‌డీ ఉన్న మిషన్లకి ఫాస్ట్ స్టార్టప్ వల్ల కలిసొచ్చేది కొద్ది సెకన్లే, పైన చెప్పిన పేజీలోనే టిక్ తీసేయొచ్చు. పక్కన లినక్స్ కూడా ఉంటే తప్పకుండా తీసేయాలి. తీయకపోతే విండోస్ డ్రైవ్ సగం నిద్రలో ఉండిపోయి, లినక్స్ అందులోకి రాయనివ్వదు.

ఇవి అయ్యాక విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ తెరవండి. స్క్రీన్ ఆరే టైం బ్యాటరీ మీద 3 నిమిషాలు, స్లీప్ 10 నిమిషాలు పెడితే చాలు. పవర్ మోడ్ బ్యాలెన్స్‌డ్‌లో ఉంచేయండి. ఎనర్జీ సేవర్ ఎప్పుడు ఆన్ అవ్వాలో శాతం కూడా అక్కడే మార్చుకోవచ్చు, పాత వెర్షన్లలో దాని పేరు బ్యాటరీ సేవర్.

డెస్క్‌టాప్, కరెంటు కోతలు

డెస్క్‌టాప్‌కి బ్యాటరీ లేదు కాబట్టి కథ వేరు. స్లీప్‌లో ఉండగా కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నది గాలికి పోతుంది. వేసవిలో మధ్యాహ్నం కోతలుండే ఊళ్లో ఇది తరచూ జరిగేదే. దానికి విండోస్‌లో హైబ్రిడ్ స్లీప్ ఉంది: స్లీప్‌లోకి వెళ్తూనే డిస్క్ మీద కూడా ఒక కాపీ రాసి పెట్టుకుంటుంది, కరెంటు పోయినా పని పోదు. పవర్ ఆప్షన్స్‌లో చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్, అందులో స్లీప్ కింద చూడండి. ఆన్‌లో ఉందో లేదో ఒకసారి సరిచూసుకోండి. మోడర్న్ స్టాండ్‌బై మిషన్లలో ఈ ఆప్షన్ ఉండదు.

యూపీఎస్ వెనక యూఎస్‌బీ పోర్ట్ ఉంటే, దాన్ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలపండి. చాలా మోడళ్లని విండోస్ బ్యాటరీగా గుర్తించి కింద ఐకాన్ చూపిస్తుంది. అప్పుడు అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ కింద క్రిటికల్ బ్యాటరీ యాక్షన్‌ని హైబర్నేట్ చేస్తే, మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయినా అదే సర్దుకుని ఆగిపోతుంది. చవక యూపీఎస్‌లకి ఈ పోర్ట్ ఉండకపోవచ్చు, కొనేటప్పుడే వెనక్కి తిప్పి చూడండి.

నెట్ సెంటర్, కోచింగ్ సెంటర్, చిన్న ఆఫీసు నడిపేవాళ్లకి ఒక లెక్క. పని లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్న డెస్క్‌టాప్ 60 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రాత్రి 12 గంటలకి 0.72 యూనిట్. పది మిషన్లయితే రాత్రికి ఏడు యూనిట్లు పైన, నెలకి 200 దాటుతుంది. మానిటర్ ఆపేసి సీపీయూ వదిలేసి వెళ్లే అలవాటు ఖరీదు అది. స్లీప్ 15 నిమిషాలకి పెట్టేస్తే ఎవరికీ చెప్పే పని లేదు.

మాక్

మాక్‌బుక్‌లో మీరు చేయాల్సింది తక్కువ. మూత మూస్తే పడుకోవడం అనేది దానికి మొదటినుంచీ బాగానే వచ్చు. 2022లో వచ్చిన వెంచురా నుంచి సిస్టమ్ సెట్టింగ్స్ రూపం మారడంతో పాత సలహాలు మాత్రం దారి తప్పిస్తున్నాయి. స్క్రీన్ ఎప్పుడు ఆరాలో ఇప్పుడు బ్యాటరీ పేజీలో ఉండదు, లాక్ స్క్రీన్ పేజీలో ఉంటుంది. బ్యాటరీ పేజీలో లో పవర్ మోడ్ ఉంది, దాన్ని ఓన్లీ ఆన్ బ్యాటరీ అని పెట్టుకోండి. అదే పేజీ కింద ఆప్షన్స్ నొక్కితే వేక్ ఫర్ నెట్‌వర్క్ యాక్సెస్ కనిపిస్తుంది. మీ మాక్‌లోని ఫైళ్లని వేరే మిషన్ నుంచి తెరవక్కర్లేదంటే నెవర్ పెట్టేయండి.

మాక్‌ని కూడా అడగొచ్చు, కమాండ్లు లేకుండానే. యాక్టివిటీ మానిటర్ తెరిచి ఎనర్జీ ట్యాబ్‌లోకి వెళ్లండి, ప్రివెంటింగ్ స్లీప్ అనే కాలమ్‌లో యెస్ అని ఉన్న యాప్ ఏదో చూడండి. వివరంగా కావాలంటే టెర్మినల్‌లో పీఎంసెట్ -జి అసర్షన్స్. పి, ఎం ఆనించి సెట్, ఖాళీ, చిన్న గీత జి, ఖాళీ, అసర్షన్స్.

దీనికి వ్యతిరేకమైన అవసరం కూడా వస్తుంది. రాత్రి పెద్ద డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటే మధ్యలో మాక్ నిద్రపోతుంది. అందుకోసం సెట్టింగ్స్ అన్నీ మార్చి, పొద్దున మళ్లీ మార్చడం మర్చిపోయే బదులు, టెర్మినల్‌లో కెఫినేట్ -టి 7200 కొట్టండి. స్పెల్లింగ్ సి, ఎ, ఎఫ్, ఎఫ్, ఇ, ఐ, ఎన్, ఎ, టి, ఇ. ఆ అంకె సెకన్లలో, అంటే రెండు గంటలు. టైం అయ్యాక తన పాటికి తాను పాత పద్ధతికి వచ్చేస్తుంది. మధ్యలో ఆపాలంటే కంట్రోల్ సి. మూత మాత్రం తెరిచే ఉంచాలి.

మాక్ మినీ, ఐమాక్ వాడేవాళ్లకి ఎనర్జీ పేజీలో కరెంటు పోయి వచ్చాక తనంతట తానే ఆన్ అయ్యే ఆప్షన్ ఉంటుంది. ఇంట్లో సర్వర్‌గా పెట్టుకుంటే ఆన్ చేయండి. మామూలు వాడకానికైతే వద్దు, కోతల రోజుల్లో కరెంటు వచ్చిన ప్రతిసారీ లేచి కూర్చుంటుంది.

లినక్స్

ఉబుంటు లెక్కలో చెబుతాను. సెట్టింగ్స్‌లో పవర్ పేజీలో పవర్ మోడ్, స్క్రీన్ బ్లాంక్, ఆటోమేటిక్ సస్పెండ్ ఉంటాయి. ఇక్కడ స్లీప్ పేరు సస్పెండ్. టెర్మినల్ తెరిచి క్యాట్ /సిస్/పవర్/మెమ్_స్లీప్ కొట్టండి. సిస్, మెమ్ రెండూ మూడేసి అక్షరాలే: ఎస్, వై, ఎస్; ఎం, ఇ, ఎం. జవాబుగా ఎస్2ఐడిల్, డీప్ అనే పేర్లు వస్తాయి, చదరపు బ్రాకెట్లలో ఉన్నది ఇప్పుడు వాడుతున్నది. డీప్ అంటే మన ఎస్3. డీప్ ఉండి కూడా బ్రాకెట్లు ఎస్2ఐడిల్ చుట్టూ ఉంటే, /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్లో లినక్స్ డిఫాల్ట్ వరసలో కోట్స్ లోపల మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్ చేర్చి, సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు మూత మూసి తెరిచి సరిగా లేస్తోందో లేదో చూసుకోవాలి. కొన్ని మిషన్లు డీప్‌లోకి వెళ్లి తిరిగి రావు, అలా అయితే ఆ మాట తీసేయడమే. డీప్ అనేదే జాబితాలో లేకపోతే బయాస్ దాన్ని ఇవ్వట్లేదని అర్థం.

ఉబుంటులో హైబర్నేట్ మామూలుగా మెనూలో కనిపించదు. దానికి ర్యామ్‌కి సరిపడా స్వాప్ (ర్యామ్ కోసం డిస్క్ మీద కేటాయించిన చోటు) ఉండాలి, బయాస్‌లోని సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నల్ ఒప్పుకోకపోవచ్చు. కొత్తవాళ్లు దాని జోలికి పోకుండా, రాత్రి షట్‌డౌన్ చేయడమే తేలిక.

మూత ప్రవర్తన మార్చాలంటే /ఈటీసీ/సిస్టమ్‌డీ ఫోల్డర్‌లో లాగిన్‌డీ.కాన్ఫ్ ఫైల్ తెరవండి. అందులో హ్యాండిల్‌లిడ్‌స్విచ్ వరస ముందున్న హాష్ తీసి, విలువ ఇగ్నోర్ అని పెడితే మూసినా పడుకోదు, సస్పెండ్ అంటే పడుకుంటుంది. పాత లాప్‌టాప్‌ని ఇంట్లో చిన్న సర్వర్‌గా వాడేవాళ్లకి ఇది పనికొస్తుంది. అలాంటప్పుడు గాలి తగిలేచోట పెట్టండి, పుస్తకాల మధ్య కాదు.

బ్యాటరీ కోసం టీఎల్‌పీ అనే ప్రోగ్రామ్ గురించి చాలామంది చెబుతారు, మంచిదే. అయితే ఉబుంటులో పవర్ మోడ్ నడిపే పవర్ ప్రొఫైల్స్ డీమన్, టీఎల్‌పీ ఒకే సెట్టింగ్స్‌ని చెరోవైపు లాగుతాయి. ఏదో ఒకటే ఉంచుకోండి. పెద్దగా కెలికే ఓపిక లేనివాళ్లకి ఉన్నదే చాలు.

క్రోమ్‌బుక్ వాళ్లకి సెట్టింగ్స్‌లోని పవర్ పేజీలో నాలుగైదు ఆప్షన్లే ఉంటాయి, మూత మూస్తే స్లీప్ అన్నది ఆన్‌లో ఉందో లేదో చూసుకుంటే అయిపోయింది.

రోజంతా ఛార్జర్‌కే ఉంటే

ఇంటినుంచి పనిచేసేవాళ్ల లాప్‌టాప్‌లు నెలల తరబడి ఛార్జర్‌కే వేలాడుతుంటాయి. లిథియం అయాన్ బ్యాటరీకి ఎప్పుడూ వంద శాతంలో ఉండడం, దానికి తోడు వేడి, రెండూ పడవు. ఛార్జింగ్‌ని 80 దగ్గర ఆపితే ఎక్కువ కాలం వస్తుంది. విండోస్ లాప్‌టాప్‌లలో ఇది కంపెనీ యాప్‌లో ఉంటుంది: లెనోవో అయితే వాంటేజ్‌లో, అసుస్ అయితే మైఅసుస్‌లో. హెచ్‌పీ మోడళ్లలో చాలావాటికి బయాస్‌లో. మాక్‌లో ఆప్టిమైజ్‌డ్ బ్యాటరీ ఛార్జింగ్ మీ అలవాటు చూసి తనే ఆగుతుంది. లినక్స్‌లో 2025లో వచ్చిన గ్నోమ్ 48 అనే డెస్క్‌టాప్ వెర్షన్ నుంచి, హార్డ్‌వేర్ ఒప్పుకున్న మిషన్లలో, పవర్ పేజీలోనే ఆ ఆప్షన్ వచ్చింది. అంతకుముందు వాటికి టీఎల్‌పీ ఉంది.

ఇప్పటికే బ్యాటరీ ఎంత అరిగిందో విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్ చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అనే రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. రెండోది మొదటిదాంట్లో సగానికి వచ్చేసిందంటే ఏ సెట్టింగూ దాన్ని వెనక్కి తేలేదు, కొత్త బ్యాటరీ వేయించాల్సిందే. రైలు ప్రయాణమో, రోజంతా బయట మీటింగో ఉంటే మాత్రం ముందురోజు రాత్రి ఆ 80 హద్దు తీసేసి నిండా ఛార్జ్ చేసుకోండి, వచ్చాక మళ్లీ పెట్టుకోవచ్చు.